పాత సర్వరులో కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎందుకు ఎక్కడం లేదు?

ప్రశ్న: పలాసలో మాది జీడిపప్పు పరిశ్రమ. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీగా నమోదై ఉంది. నేను ఇక్కడ పదమూడేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. 2011లో కొన్న సర్వరులో విండోస్ సర్వర్ 2008 ఆర్2 ఉంది, దానికి ఆరు కంప్యూటర్లు కలిపి ఉన్నాయి. సవరణల చరిత్ర నమోదయ్యే కొత్త వెర్షన్‌కు మారాలని ఆడిటరు గారు గట్టిగా చెప్పారు. ఆ వెర్షన్ ఎక్కించబోతే సగం వరకు వెళ్లి, 1603 అనే నంబరు చూపించి, చేసినదంతా తానే వెనక్కి తీసేసుకుంటోంది. ఒకసారి ‘ఎపిఐ-ఎంఎస్-విన్-సిఆర్‌టి-రన్‌టైమ్’ అనే డిఎల్ఎల్ ఫైలు (ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే ఫైలు) లేదని కూడా చెప్పింది. వచ్చిన టెక్నీషియన్ ఫార్మాట్ చేయాలంటున్నారు. తెలిసిన మరొకరు ఆ ఫైలును ఇంటర్నెట్‌లో దించుకుని సిస్టమ్ ఫోల్డరులో వేస్తే చాలంటున్నారు. తిత్లీ తుఫానుకు గోడౌను పైకప్పు లేచిపోయినా చెక్కుచెదరని సర్వరును ఇప్పుడెందుకు మార్చాలని మా షావుకారు గారు అడుగుతున్నారు. ఏం చేయమంటారు? (ఒక పాఠకుడు, పలాస)

జవాబు: ముందుగా ఆ ఇద్దరి సలహాలనూ పక్కన పెట్టండి. ఫార్మాట్ చేసినా ఆ సర్వరులోకి మళ్లీ వచ్చేది అదే 2008 ఆర్2 కనుక ఇన్‌స్టాలర్ (సాఫ్ట్‌వేర్‌ను ఎక్కించే ప్రోగ్రాము) అభ్యంతరం అలాగే మిగులుతుంది, మీ పదమూడేళ్ల లెక్కలు మాత్రం ప్రమాదంలో పడతాయి. ఊరూపేరూ లేని వెబ్‌సైట్ల నుంచి డిఎల్ఎల్ ఫైలు తెచ్చి సిస్టమ్ ఫోల్డరులో వేయడం ఇంకా చెడ్డ పని. ఆ ఫైలు అసలుదో కాదో తెలుసుకునే దారి మీకు లేదు. పైగా అది ఒంటరి ఫైలు కాదు, అదే కుటుంబానికి చెందిన పదుల కొద్దీ ఫైళ్లలో ఒకటి. ఒకటి వేస్తే ఇన్‌స్టాలర్ రెండోది అడుగుతుంది, ఆ తరువాత మూడోది అడుగుతుంది.

ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు లెక్కల డేటాకు రెండు నకళ్లు తీసి, ఒకటి బయటి హార్డ్‌డిస్క్‌లోనూ రెండోది పరిశ్రమ ఆవరణకు బయట మరోచోటా ఉంచండి. నకలు తీయడంతో పని పూర్తయిందనుకోవద్దు. పాత వెర్షనే ఉన్న వేరే కంప్యూటరులో దాన్ని తెరిచి, నిన్నటి తేదీ వరకు రాసిన చిట్టా కనబడుతోందో లేదో మీ కళ్లతో చూడండి. ఎప్పుడూ తెరిచి చూడని బ్యాకప్‌ను నేను బ్యాకప్‌గా లెక్కపెట్టను. షావుకారు గారు తిత్లీ మాట ఎత్తారు కాబట్టి ఆయనను వినయంగా ఒక్క ప్రశ్న అడగండి: 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున ఆ పైకప్పు సర్వరు మీదే పడి ఉంటే, లెక్కల నకలు ఇంకెక్కడ ఉంది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. సర్వరులో రన్ పెట్టెను తెరిచి ‘విన్‌వర్’ అని ఇంగ్లీషు అక్షరాల్లో టైప్ చేస్తే ఒక చిన్న కిటికీ వస్తుంది. అందులో బిల్డ్ 7601, సర్వీస్ ప్యాక్ 1 (అప్‌డేట్లను కలిపి ఇచ్చిన పెద్ద కట్ట) అని ఉందో, ఒట్టి 7600 అనే ఉందో చూడండి. 7600 అని ఉంటే మీ సర్వరులో సర్వీస్ ప్యాక్ 1 ఎన్నడూ ఎక్కలేదని అర్థం, అది లేనిదే కింద చెప్పే అప్‌డేట్లలో దాదాపు ఏదీ ఎక్కదు. 2011లో కొన్న యంత్రాల్లో ఈ లోపాన్ని నేను చాలాసార్లు చూశాను. కొన్న రోజున ఉన్న విండోస్‌తోనే, ఒక్క అప్‌డేట్ కూడా లేకుండా ఏళ్ల తరబడి నడిచిన సర్వర్లు మన జిల్లాల్లో తక్కువేమీ కాదు.

మీకు కనబడిన డిఎల్ఎల్ సందేశం వల్ల నష్టం లేదు, పైగా అది చాలా స్పష్టమైన ఆనవాలు. 2015 తరువాత తయారైన అనేక ప్రోగ్రాములు ‘యూనివర్సల్ సి రన్‌టైమ్’ అనే ఉమ్మడి భాగం మీద ఆధారపడి నడుస్తాయి. విండోస్ 10లోనూ దాని తరువాతి వాటిలోనూ అది పుట్టుకతోనే ఉంటుంది. 2008 ఆర్2కు మాత్రం కెబి 2999226 అనే అప్‌డేట్ ద్వారా మనమే చేర్చాలి. మైక్రోసాఫ్ట్ వారి అప్‌డేట్ కేటలాగ్ నుంచి, 64 బిట్ సర్వర్ 2008 ఆర్2కు ఉద్దేశించిన ఫైలునే ఎంచుకుని, వేరే కంప్యూటరులో దించుకుని, వైరస్ పరీక్ష చేసిన పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఎక్కించండి.

దీని వెనుకే మరో అడ్డంకి రావచ్చు. కొత్త ఇన్‌స్టాలర్లలో చాలావాటి మీద తయారీ సంస్థ డిజిటల్ సంతకం షా-2 అనే కొత్త పద్ధతిలో ఉంటుంది, పాత విండోస్‌కు ఆ సంతకాన్ని పూర్తిగా గుర్తించడం తెలియదు. మన సంతకాన్ని బ్యాంకులో నమూనాతో పోల్చి చూసినట్లే విండోస్ కూడా పోల్చి చూస్తుంది. నమూనా దొరక్కపోతే ఫైలు మంచిదే అయినా తిరస్కరిస్తుంది. మైక్రోసాఫ్ట్ 2019లో తన అప్‌డేట్లను కూడా షా-2 సంతకానికే పరిమితం చేసింది కాబట్టి, ముందు కెబి 4490628, ఆ తరువాత కెబి 4474419 అనే వరుసలో ఎక్కించి, ప్రతిసారీ సర్వరును ఆపి మళ్లీ నడపాలి. చాలా ప్రోగ్రాములు ఆధారపడే డాట్ నెట్ ఫ్రేమ్‌వర్క్ సంగతి కూడా చూసుకోవాలి. 4.8 వెర్షన్ సర్వీస్ ప్యాక్ 1 ఉన్న మీ సర్వరులో ఎక్కుతుంది, 4.8.1 ఎక్కదు. ఎన్నడూ ఇంటర్నెట్‌కు కలపని సర్వరులో 4.8 కూడా ‘నమ్మదగిన మూల ధ్రువపత్రం దొరకలేదు’ అనే అర్థం వచ్చే సందేశంతో ఆగిపోతుంది. అప్పుడు మైక్రోసాఫ్ట్ 2011 నాటి రూట్ సర్టిఫికెట్‌ను విడిగా చేర్చాల్సి ఉంటుంది.

1603 అనే నంబరు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దాని పేరు చెప్పి ఫార్మాట్ చేయించిన సర్వర్లు నాకు తెలిసి ఎన్నో ఉన్నాయి. 1603 ఒక ప్రత్యేకమైన లోపానికి పెట్టిన పేరు కాదు. ‘ఏదో తీవ్రమైన ఆటంకం వచ్చింది, పని ఆపేశాను’ అని మాత్రమే అది చెబుతుంది. ఆ ఆటంకమేమిటో లాగ్ ఫైలులో, అంటే ఇన్‌స్టాలర్ చేసిన పనులను వరుసగా రాసిపెట్టే ఫైలులో ఉంటుంది. మీ ఇన్‌స్టాలర్ ఎంఎస్ఐ రకానిదైతే (ఫైలు పేరు చివర ఎంఎస్ఐ అని ఉంటే), కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఎంఎస్ఐఎగ్జెక్ అనే ఆదేశం తరువాత స్లాష్ ఐ, ఇన్‌స్టాలర్ ఫైలు పేరు, స్లాష్ ఎల్ స్టార్ వి, చివరగా లాగ్ ఫైలుకు మీరు పెట్టదలచిన పేరు, ఈ వరుసలో ఇంగ్లీషులో టైప్ చేయండి. ఇన్‌స్టాలేషన్ ఆగిపోయాక ఆ లాగ్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ‘రిటర్న్ వేల్యూ 3’ అనే ఇంగ్లీషు మాటను మొట్టమొదట ఎక్కడుందో వెతకండి. వేల వరుసల ఆ ఫైలులో మీరు చదవవలసింది సాధారణంగా ఆ మాటకు పైనున్న పది, ఇరవై వరుసలే. సెటప్ ఈఎక్స్ఈ రూపంలో వచ్చిన వాటి లాగ్ తరచుగా టెంప్ ఫోల్డరులో దొరుకుతుంది.

కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళంలో ఒక హోల్‌సేల్ వ్యాపారి దగ్గర నేను ఇలాగే ఒక లాగ్ చదివాను. రెండు రోజులుగా ముగ్గురు ప్రయత్నించి వదిలేసిన సర్వరు అది. ‘రిటర్న్ వేల్యూ 3’కు పైన, డి డ్రైవులోని ఒక ఫోల్డరులో రాయడానికి అనుమతి లేదన్న వరుస ఉంది. ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ పేజీ తెరిస్తే యజమాని పేరు ఒక్కటే కనబడింది. గుమస్తాలు డేటా చూడకూడదన్న జాగ్రత్తతో ఎవరో మిగతా పేర్లన్నీ తీసేస్తూ, వాటితోపాటు ‘సిస్టమ్’ అనే ఖాతాను కూడా తీసేశారు. విండోస్‌లో ఇన్‌స్టాలేషన్ పని చేసేదే ఆ ఖాతా. దానికి పూర్తి అనుమతి తిరిగి ఇచ్చాక ఇన్‌స్టాలర్ ఐదు నిమిషాల్లో పని ముగించింది. ఆ ముగ్గురిలో ఎవరికీ తెలివి తక్కువ కాదు, లాగ్ తెరవలేదు, అంతే. మీరు ఎక్కించబోయే ఫోల్డరుకు ఎన్‌క్రిప్షన్ పెట్టి ఉన్నా, అదే ప్రోగ్రాము సగం ఎక్కి లోపల మిగిలి ఉన్నా ఇదే 1603 వస్తుంది కనుక వాటిని కూడా చూడండి. సి డ్రైవులో ఖాళీ ఎంతుందో కూడా చూడండి.

ఇంతవరకు చెప్పినవన్నీ సరిచేయగలిగిన లోపాలు. సరిచేయలేనిది ఒకటుంది, దాన్ని గుర్తుపట్టడం తెలిస్తే మీకు ఎన్నో రోజులు కలిసివస్తాయి. ‘కెర్నెల్32 డిఎల్ఎల్‌లో ఫలానా ప్రొసీజర్ ఎంట్రీ పాయింట్ కనబడలేదు’ అనే సందేశం వచ్చి, అందులో ‘గెట్‌సిస్టమ్‌టైమ్‌ప్రిసైజ్‌యాజ్‌ఫైల్‌టైమ్’ లాంటి పొడవైన పేరు కనబడితే, అక్కడితో ఆపేయండి. కచ్చితమైన సమయం చెప్పే ఆ సదుపాయం విండోస్ 8, సర్వర్ 2012లతోనే పుట్టింది, దాన్ని 2008 ఆర్2లోకి తెచ్చే అప్‌డేట్ లేదు. సాఫ్ట్‌వేర్ తన డేటాను ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే మైక్రోసాఫ్ట్ డేటాబేస్‌లో దాచుకునే రకమైతే అక్కడ కూడా ఇలాంటి గీతే ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014 వరకు మీ యంత్రం మీద నడుస్తాయి, 2016 నుంచి వచ్చినవాటికి కనీసం విండోస్ సర్వర్ 2012 కావాలి. అందుకే మీరు ఎక్కించబోయే వెర్షన్‌కు ఏ విండోస్ కావాలో ఆ సంస్థ ప్రకటించిన అవసరాల పట్టికను ఈరోజే తెప్పించుకుని చదవండి. అందులో మీ విండోస్ పేరు లేకపోతే పైన చెప్పిన అప్‌డేట్ల మీద ఒక్క పూట కూడా వెచ్చించవద్దు.

ఒకవేళ పేరు ఉండి, అన్నీ సరిచేశాక సాఫ్ట్‌వేర్ ఎక్కిందనుకుందాం. అయినా దాన్ని ఆ సర్వరు మీద నడపవద్దన్నదే నా సలహా. 2008 ఆర్2కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేసే బిల్లు) లాంటి ప్రభుత్వ సేవలతో మాట్లాడాలంటే టిఎల్ఎస్ 1.2 అనే సురక్షిత సంభాషణ భాష రావాలి. మీ సర్వరులో దాన్ని కెబి 3140245 ఎక్కించి, రిజిస్ట్రీలో (విండోస్ తన అమరికలను దాచుకునే చోట) మార్పులు చేసి మేల్కొలపాలి. వార్షిక టర్నోవరు 5 కోట్ల రూపాయలు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్‌వాయిస్ తప్పనిసరి కనుక, సీజనులో లోడు లారీలోకి ఎక్కించాక బిల్లు రాకపోతే జరిగే నష్టం మీకు నేను చెప్పనక్కర్లేదు.

ఆడిటరు గారు చెప్పినది నిజమే. కంపెనీల చట్టం కింద నమోదైన కంపెనీలు 2023 ఏప్రిల్ 1 నుంచి, ప్రతి సవరణనూ తేదీతో సహా నమోదు చేసే, ఆ నమోదును ఆపివేయడానికి వీలులేని సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. అదే చట్టం లెక్కల పుస్తకాలను 8 ఆర్థిక సంవత్సరాలు భద్రపరచమంటోంది. ఎలక్ట్రానిక్ రూపంలో ఉన్న లెక్కల బ్యాకప్‌ను రోజూ, మన దేశంలోనే ఉన్న సర్వరులో ఉంచాలని నిబంధనలు చెబుతున్నాయి. ఈ మూడు మాటలూ షావుకారు గారికి ఒకేసారి చెప్పండి. కొత్త సర్వరు ఖర్చును ఆయన సాఫ్ట్‌వేర్ ఖర్చుగా కాక, పుస్తకాలను భద్రపరిచే ఖర్చుగా చూస్తారని నా నమ్మకం. కొనేటప్పుడు విండోస్ సర్వర్ 2022 లేదా అంతకన్నా కొత్తది తీసుకోండి. 2022కు భద్రతా అప్‌డేట్లు 2031 అక్టోబర్ 14 వరకు వస్తాయి. చవకగా దొరికిందని 2016 తీసుకోవద్దు, దాని గడువు 2027 జనవరిలోనే ముగుస్తుంది.

పాత సర్వరును పారేయకండి. ఇంటర్నెట్ తీసేసి, రోజువారీ నెట్‌వర్క్ నుంచి కూడా విడదీసి, పాత సంవత్సరాల పుస్తకాలు చూసుకోవడానికి మాత్రమే ఉంచండి. డేటా మార్చే రోజు జీడిపిక్కల కొనుగోలు జోరుగా ఉండే నెలల్లో పడకుండా చూసుకోండి. ఒక విషయం మాత్రం మరచిపోవద్దు: సాధారణంగా కొత్త వెర్షన్ డేటాను తన పద్ధతిలోకి మార్చుకున్నాక పాత వెర్షన్ దాన్ని తెరవలేదు. అందుకని మార్పిడి ఎప్పుడూ నకలు మీదే చేయాలి. మారిన తరువాత పాత సర్వరులోని ట్రయల్ బ్యాలెన్స్‌ను (అన్ని ఖాతాల నిల్వల పట్టికను), కొత్త సర్వరులోని దాన్ని అచ్చు తీసి పక్కపక్కన పెట్టి పైసలతో సహా సరిచూడండి. మీ వ్యాపారంలో నేను ప్రత్యేకంగా చూడమనేది సరుకు నిల్వను. పిక్కలు 80 కిలోల బస్తాల్లో కొని, పప్పును కిలోల్లో, 240, 320 అంటూ గ్రేడుల వారీగా అమ్ముతారు కనుక, బస్తాకు ఎన్ని కిలోలన్న మార్పిడి కొత్త వెర్షన్‌లోకి సరిగ్గా రాకపోతే ట్రయల్ బ్యాలెన్స్ సరిపోయినా నిల్వ తప్పుతుంది. ఆరు కంప్యూటర్లలోనూ ఒకే వెర్షన్ ఉండాలన్నది కూడా చూసుకోండి.

ప్రశ్న: రాజాంలో మా దుకాణంలో ఒక పాత సర్వరు ఉంది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా దాని తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి వెళ్తోంది. కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తుంటే సర్టిఫికెట్ చెల్లదని చెబుతోంది. ఈ రెండింటికీ సంబంధం ఉందా?

జవాబు: ఉంది. డిజిటల్ ధ్రువపత్రానికి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అనే గడువు ఉంటుంది. మీ సర్వరు తాను ఇంకా 2009లోనో 2010లోనో ఉన్నాననుకుంటే, ఇంకా పుట్టని ధ్రువపత్రాన్ని తిరస్కరించడం సహజం. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ల లాంటి 3 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. చాలా యంత్రాల్లో దాని పేరు సిఆర్ 2032. అది అయిపోయిందన్నమాట. వాచీలు బాగుచేసే దుకాణంలో కూడా దొరుకుతుంది.

నరసన్నపేట దగ్గర ఒక బియ్యం మిల్లులో ఇదే సమస్యకు వెళ్లి సర్వరు పక్క పలక విప్పితే, లోపల తవుడు ఒక పొరలా పేరుకుని ఉంది. ఫ్యాను రెక్కల అంచుల మీద అది గట్టిపడి మైనంలా అంటుకుంది. బ్యాటరీ మార్చడానికి పట్టింది రెండు నిమిషాలు, బ్రష్‌తో ఆ తవుడు దులపడానికి పట్టింది ముప్పావు గంట. మీ దుకాణంలో కూడా మూత విప్పిన రోజున దుమ్ము దులపండి. ప్లగ్ పూర్తిగా తీశాకే బ్యాటరీ మార్చండి. మార్చేముందు బయాస్ తెరలోని (విండోస్ మొదలయ్యేముందు తెరవగలిగే తెరలోని) అమరికలను, ముఖ్యంగా రెయిడ్ (డిస్క్‌లను జతగా నడిపే పద్ధతి), డిస్క్‌లకు సంబంధించినవాటిని ఫోన్‌తో ఫొటో తీసి ఉంచుకోండి. ఆ తరువాత తేదీ, సమయం, భారత కాలమానం సరిచేసి ఇన్‌స్టాలర్‌ను మళ్లీ నడపండి. తేదీ తప్పుగా ఉన్న రోజుల్లో రాసిన వోచర్లు ఏవైనా ఉంటే వాటి తేదీలను కూడా పరిశీలించండి. సాఫ్ట్‌వేర్ ఎక్కడం కన్నా అది ముఖ్యమైన పని.

ప్రశ్న: విజయనగరంలో గంటస్తంభం దగ్గర మాది భాగస్వామ్య సంస్థగా నడిచే బట్టల దుకాణం. పాత సర్వరు కొత్త వెర్షన్‌కు పనికిరాదని తేలింది. సర్వరు కొనకుండా మామూలు కంప్యూటరునే సర్వరుగా వాడుకోవచ్చా? సవరణల చరిత్ర నిబంధన మాకు కూడా వర్తిస్తుందా?

జవాబు: ఆ నిబంధన కంపెనీల చట్టం కింద వచ్చింది కనుక భాగస్వామ్య సంస్థకు వర్తించదు. ఈ-ఇన్‌వాయిస్ మాత్రం టర్నోవరును బట్టి ఉంటుంది, సంస్థ రూపాన్ని బట్టి కాదు. జీఎస్టీ లెక్కలను వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు భద్రపరచాలన్నది కూడా మీకు వర్తిస్తుంది.

నాలుగైదు కంప్యూటర్లే ఉంటే, విండోస్ 11 ప్రొఫెషనల్ ఉన్న ఒక మంచి కంప్యూటరులో డేటా ఫోల్డరు పెట్టి మిగతావాటికి పంచుకోవచ్చు. అలాంటి విండోస్‌లో ఒకేసారి 20 కనెక్షన్లకు మించి కుదరవు, మీకు అది చాలు. దాని ముందు ఎవరూ కూర్చుని బిల్లులు కొట్టకుండా, రాత్రి నిద్రలోకి జారిపోకుండా అమర్చి, యుపిఎస్ పెట్టండి. ఇంట్లో పాత విండోస్ 10 కంప్యూటరు ఉంది కదా అని దాన్ని తేవద్దు, దాని మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ప్రశ్న: చీపురుపల్లిలో మాది ఎరువుల దుకాణం. మాది మీ పాఠకులకు ఎదురు సమస్య. కొత్త సర్వరు కొన్నాం గానీ, మా పాత లెక్కల సాఫ్ట్‌వేర్ సిడి అందులో ఎక్కడం లేదు. ఈ యాప్ మీ కంప్యూటరులో నడవదని చెబుతోంది. పాత సంవత్సరాల లెక్కలు చూసుకోవాలి.

జవాబు: ఆ సిడిలోని సెటప్ ఫైలు 16 బిట్ కాలం నాటిదై ఉండాలి. లోపలి సాఫ్ట్‌వేర్ 32 బిట్‌దైనా, దాన్ని ఎక్కించే సెటప్ మాత్రం 16 బిట్‌గా మిగిలిపోయిన సిడిలు చాలా ఉన్నాయి. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను అసలు నడపదు, ఏ అమరిక మార్చినా నడపదు. పాత యంత్రం ఇంకా పనిచేస్తుంటే దానిలోనే ఉంచండి. దాని ఆయువు మీద నమ్మకం లేకపోతే, కొత్త సర్వరులో విండోస్‌తో వచ్చే హైపర్-వి ద్వారా ఒక కల్పిత కంప్యూటరు సృష్టించి, మీ దగ్గరున్న 32 బిట్ విండోస్‌ను దాని లైసెన్సుతో అందులో వేసి, నెట్‌వర్క్ ఇవ్వకుండా పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించుకోండి. ఈలోగా పాత యంత్రం నడుస్తున్నప్పుడే ప్రతి సంవత్సరపు ఆవర్జా, ట్రయల్ బ్యాలెన్స్, సరుకు నిల్వ పట్టికలను అచ్చు తీయించి కట్ట కట్టి ఉంచండి. ఆ పని ఈ వారంలోనే చేయండి.